ఘాట్‌లో మా డ్రైవర్ ఫోన్ కలవకపోతే

అరకు, పాడేరు, లంబసింగి వైపు మా బండ్లు బుక్ చేసుకున్నవాళ్లకీ, ఈ చలికాలం చేసుకోబోయేవాళ్లకీ ఒక విషయం ముందే చెప్పేస్తే మీకూ మాకూ టెన్షన్ తగ్గుతుందని రాస్తున్నాను. పోయిన సీజన్‌లో బండి గురించో ఏసీ గురించో వచ్చిన ఫిర్యాదులు తక్కువ. ఎక్కువమంది అన్నది ఒకటే: "ఫోన్ చేస్తే డ్రైవర్ ఎత్తడు, ఎత్తినా మధ్యలో కట్ అయిపోతుంది, ఆఫీసుకి చేస్తే మీరూ ఏమీ చెప్పలేరు." నిజమే. ఎస్.కోట దాటి ఘాట్ ఎక్కడం మొదలెట్టాక అరకు ఊళ్లోకి వచ్చేదాకా సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది, ఏ సిమ్ వేసినా అంతే, కాకపోతే ఒక్కో సిమ్‌కి ఒక్కో చోట పోతుంది. అందుకే "24 గంటలూ ఫోన్‌లో అందుబాటులో ఉంటాం" అనే మాట మా కార్డు మీద ఉండదు. వేరేవాళ్ల కార్డు మీద కనిపిస్తే అనంతగిరి మలుపుల్లో ఎలా అందుబాటులో ఉంటారో వాళ్లనే అడగండి, మాక్కూడా తెలుసుకోవాలని ఉంది.

కాల్ ఎందుకు తెగుతుందంటే, బండి కదులుతున్నంతసేపూ ఫోన్ ఒక టవర్ వదిలి ఇంకో టవర్ పట్టుకుంటూ ఉండాలి. వైజాగ్‌లో పక్క టవర్ దగ్గర్లోనే ఉంటుంది కాబట్టి మారిన సంగతి కూడా మనకి తెలీదు. ఘాట్‌లో ఒక్క మలుపు తిరిగితే చాలు, మధ్యలో కొండ అడ్డం వచ్చేస్తుంది, పాత టవర్ పోయింది, కొత్తది ఇంకా దొరకలేదు, మీరు హలో హలో అంటుండగానే అయిపోయింది. కొన్ని కంపెనీల సిమ్‌లకి 4జీ పోయినా 2జీ మీదకి దిగి మాట నిలబడుతుంది, 2జీ లేని కంపెనీ సిమ్‌కి ఆ అవకాశం లేదు. ఒకే బండిలో ముందు సీటాయన హాయిగా మాట్లాడుతుంటే వెనక సీటావిడ ఫోన్ పైకెత్తి కిటికీకి ఆనించి వెతుక్కోవడం మేం రోజూ చూసేదే.

"స్విచాఫ్" సంగతి కూడా చెప్పాలి. అమెరికాలో ఉండే ఒకబ్బాయి వాళ్ల అమ్మానాన్నల్ని మా బండిలో అరకు పంపించాడు. అక్కడ అర్ధరాత్రి దాటాక మా ఆఫీసుకి ఫోన్. "ఏమండీ, మీ డ్రైవర్ ఫోన్ స్విచాఫ్ వస్తోంది, నాన్నగారిదీ స్విచాఫే, ఇద్దరివీ ఒకేసారి ఎలా ఆగిపోతాయి?" గొంతులో కంగారు తెలిసిపోతోంది, కోపం కూడా. అప్పటికి వాళ్ల నాన్నగారు బొర్రా గుహల్లో శివలింగం దగ్గరికి మెట్లెక్కుతున్నారు, అమ్మగారు కింద బెంచీ మీద కూర్చున్నారు, మావాడు పార్కింగ్‌లో బొంగు చికెన్ కాల్చేచోట నిలబడ్డాడు. ఎవరూ ఫోన్ ఆపలేదు. మనం ఫోన్ ఆపితే అది ఆగిపోతున్నానని నెట్‌వర్క్‌కి చెప్పి మరీ ఆగుతుంది. సిగ్నల్ ఉన్నట్టుండి పోయినప్పుడు ఆ కబురు వెళ్లదు, నెట్‌వర్కే కొంతసేపు చూసి ఇది ఆగిపోయిన ఫోన్ అని లెక్కేసుకుంటుంది. ఆ తర్వాత మీకు వినిపించేది "స్విచ్ ఆఫ్ చేయబడి ఉంది". కాబట్టి ఆ గొంతు విని ఎవరో కావాలని ఆపేశారని అనుకోవద్దు, ముఖ్యంగా డ్రైవర్ మీద. గుహలో అయితే నెత్తిమీద అంత రాయి ఉండగా ఏ సిగ్నలూ లోపలికి రాదు, గుంపుగా వెళ్లేవాళ్లు టికెట్ కౌంటర్ దగ్గర ఎన్నింటికి కలుసుకోవాలో ముందే అనుకుని లోపలికి వెళ్లండి.

ఇప్పుడు మా పద్ధతి. డ్రైవర్ ఘాట్ ఎక్కేముందు ఆగి మీ ఇంటివాళ్లకి ఒక మెసేజ్ పెడతాడు, పైకి చేరాక ఇంకోటి. అరకు రూట్‌లో ఎస్.కోటలో, అరకులో. పాడేరు రూట్‌లో మాడుగులలో, పాడేరులో. లంబసింగికి నర్సీపట్నంలో ఒకటి, బస చేరాక ఒకటి. వాట్సాప్ ఒక్కటే కాదు, మామూలు ఎస్సెమ్మెస్ కూడా, ఎందుకంటే నెట్ ఆడనిచోట కూడా అది చాలాసార్లు వెళ్లిపోతుంది. ఎస్.కోట నుంచి అరకు సుమారు 2 గంటలు, మధ్యలో బొర్రా చూస్తే ఇంకో రెండు మూడు గంటలు వేసుకోండి. అనుకున్న టైముకి గంట దాటినా రెండో మెసేజ్ రాకపోతే మీరు అడక్కుండానే ఆ దారిలో ఉన్న మా ఇంకో బండికో, మీరు దిగబోయే హోమ్‌స్టేకో మేమే ఫోన్ చేస్తాం. ప్రతి బండిలో డాష్‌బోర్డు దగ్గర లామినేషన్ చేసిన కాగితం ఒకటి ఉంటుంది, మీరు దిగే చోటు, అక్కడివాళ్ల నంబరు, మా రెండు నంబర్లు, పికప్ టైములు అన్నీ దాని మీదే. ఫోన్ చచ్చిపోయినా కాగితం చావదు.

ఘాట్‌లో డ్రైవర్ ఫోన్ ఎత్తడు. సిగ్నల్ ఉన్నా ఎత్తడు. లైవ్ లొకేషన్ ఆగిపోయిందని వరసపెట్టి కాల్స్ చేస్తే బండి ఆపాలా, మలుపు తిప్పాలా అతను? దీని మీద ఎంత పాత కస్టమరైనా మినహాయింపు లేదు, ఎత్తొద్దని అతనికి చెప్పింది నేనే.

పాడేరు దగ్గర మేఘాలు చూసే కొండ వంజంగి గురించి వేరే చెప్పాలి, ఎందుకంటే అక్కడ ఫోన్‌లో గీతలు నిండుగా కనిపిస్తూనే కాల్ కలవదు. గీతలు చెప్పేది టవర్ సిగ్నల్ ఎంత గట్టిగా అందుతోందో, అందులో మీకు చోటు ఉందో లేదో కాదు. ఆదివారం తెల్లవారుజామున మేఘాలు చూడ్డానికి కొండెక్కినవాళ్లంతా ఒకేసారి వీడియోలు పంపిస్తుంటే పాపం ఆ టవర్ మాత్రం ఏం చేస్తుంది. సూర్యోదయం అయ్యి జనం దిగడం మొదలెట్టాక అదే సర్దుకుంటుంది. ఫోన్ సిగ్నల్ కోసం వెతికీ వెతికీ బ్యాటరీ తాగేస్తుంది, దానికి తోడు చలి. కాబట్టి సిగ్నల్ లేనిచోట ఫ్లైట్ మోడ్‌లో పెట్టుకోండి, ఫొటోలు ఎలాగూ వస్తాయి.

పరిస్థితి మారట్లేదని అనను. సిగ్నల్ లేని ఊళ్లకి 4జీ ఇవ్వాలని కేంద్రం 2022 జూలైలో 26,316 కోట్ల పథకం ఒకటి ఆమోదించింది. 2025 జనవరి నుంచి ప్రభుత్వ నిధితో కట్టిన టవర్ల దగ్గర ఏ కంపెనీ టవరైనా మిగతా కంపెనీల సిమ్‌లు కూడా దాన్ని వాడుకునే ఏర్పాటు మొదలైంది. కంపెనీలు తమ కవరేజ్ మ్యాపులు వెబ్‌సైట్లలో పెట్టాలని టెలికాం కంపెనీల మీద అజమాయిషీ చేసే ట్రాయ్ రూలు కూడా ఉంది, బయల్దేరేముందు మీ సిమ్‌ది చూసుకోండి, కాకపోతే మ్యాపులో రంగు ఉన్నంత మాత్రాన ప్రతి మలుపులోనూ వస్తుందని నమ్మకండి. అరకు దాటి ఒడిశా వైపు వెళ్తే ఫోన్ అక్కడి టవర్ పట్టుకుని రోమింగ్‌లోకి పోతుంది, సెట్టింగ్స్‌లో డేటా రోమింగ్ ఆన్ చేసి ఉంచకపోతే నెట్ రాకపోవచ్చు, అది టవర్ తప్పు కాదు.

కాల్స్ కట్ అయ్యాయి కాబట్టి కిరాయి తగ్గించమని కొందరు అడుగుతున్నారు. కాల్ తెగితే రూపాయి చొప్పున రోజుకి మూడు రూపాయల దాకా కస్టమర్‌కి ఇవ్వాలని ట్రాయ్ 2016 జనవరి నుంచి రూలు పెడితే, ఆ మే నెలలోనే సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. టవర్లున్న కంపెనీలే ఇవ్వక్కర్లేదన్నాక నేనెక్కడి నుంచి ఇస్తానండీ. అయితే సిగ్నల్ లేక పికప్ దగ్గర మీరూ మావాడూ ఒకరినొకరు వెతుక్కుంటూ పోయిన టైముకి వెయిటింగ్ చార్జీ వేయం, అది ఎప్పట్నుంచో ఉన్నదే.

విదేశాల నుంచి వచ్చేవాళ్లకి ఒక మాట. శాటిలైట్‌తో మెసేజ్ పంపే చిన్న పరికరాలు ట్రెక్కింగ్ కోసమని తెస్తామంటున్నారు, దయచేసి తేవద్దు. టెలికాం శాఖ అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్లు, అలాంటి పరికరాలు మన దేశంలో వాడటం నేరం, ఎయిర్‌పోర్టులో పట్టుబడి కేసుల్లో ఇరుక్కున్నవాళ్లున్నారు. రెండు మూడు బండ్లలో కలిసి వెళ్లేవాళ్లకి లైసెన్స్ అక్కర్లేని వాకీటాకీలు మేమే ఇస్తాం, కొండల్లో ఎక్కువ దూరం అందవు గానీ ముందు బండి టీకి ఆగిందని వెనక బండికి చెప్పడానికి చాలు. నిజంగా ప్రమాదమైతే మీ సిమ్‌కి సిగ్నల్ లేకపోయినా 112 కొట్టి చూడండి, అక్కడ ఏ కంపెనీ సిగ్నల్ ఉన్నా దాని మీద వెళ్తుంది. ఏ సిగ్నలూ లేకపోతే అదీ వెళ్లదు, అప్పుడు దారిన పోయే బండిని ఆపడమే.

చేతిలో కాస్త క్యాష్ ఉంచుకోండి. తేనె, మిరియాలు, కాఫీపొడి సంచిలో వేయించుకుని ఫోన్‌లో చక్రం తిరుగుతుంటే అమ్మే మనిషి ఎంతసేపని నిలబడుతుంది.

ఇక బుకింగ్ చేసేటప్పుడు మీది కాకుండా ఇంటి దగ్గర ఉండే ఒకరి నంబరు ఇవ్వండి, మెసేజ్‌లు వాళ్లకే వెళ్తాయి. వంజంగి వెళ్లేవాళ్లు దాన్ని ముందురోజు సాయంత్రం 5 లోగా పంపేయండి. ఆ తర్వాత మావాడు మాడుగుల దాటేసి ఉంటాడు, మీరు పంపినా అతనికి అందదు.