మాస్టారికీ, మోటారు మెకానిక్ అన్నకూ మా ఇంటి కృతజ్ఞతలు

ఊళ్లో అమ్మానాన్నల ఇంట్లో సంపు నుంచి పై ట్యాంకుకు నీళ్లెక్కించే మోటారు మూలుగుతూ తిరగకుండా నిలిచిపోయింది. సరిగ్గా అప్పుడే ఒక అమ్మకందారు వచ్చి, ప్లగ్గులో పెట్టే చిన్న పెట్టె ఒకటి నాన్నకు చూపించాడు. అది ఉంటే బిల్లు మూడో వంతు తగ్గుతుందట, మోటార్లు కూడా కాలవట. తన దగ్గరి నమూనా మోటారుకు తగిలించి, తీగ చుట్టూ బిగించి కరెంటును కొలిచే క్లాంపు మీటరులో ఆంపియర్లు తగ్గడం చూపించాడు. కళ్లెదుట అంకె తగ్గితే ఎవరికైనా నమ్మకం కలుగుతుంది.

ముందుగా మెకానిక్ అన్నకు నమస్కారాలు. ఆయన వస్తూనే కొత్త మోటారు కొనమనలేదు. మెయిన్ ఆపి, ఫ్యాను వైపున్న షాఫ్టు గాడిలో స్క్రూడ్రైవరు పెట్టి తిప్పి చూశారు. బిగుసుకుపోయింది. నీరు మోటారులోకి రాకుండా ఆపే మెకానికల్ సీలు అరిగి, నీరు కారి, బేరింగు తుప్పు పట్టింది. విద్యుత్తును కాసేపు నిలవ ఉంచుకునే కెపాసిటరు కూడా బలహీనపడింది. దాన్ని ముట్టుకునే ముందు బల్బు తగిలించి, అందులో మిగిలిన విద్యుత్తును ఖాళీ చేశారు. ‘కరెంటు తీసేసినా ఇది షాకు కొడుతుంది బాబాయ్ గారూ, మీరు చెయ్యి పెట్టకండి’ అని నాన్నను హెచ్చరించారు. ఆ ఒక్క మాటకే నేను ఆయనకు రుణపడి ఉంటాను.

ఇక పెట్టె సంగతి. విశ్రాంత ఫిజిక్సు మాస్టారికి ఫోను చేస్తే, స్వయంగా ఇంటికే వచ్చారు. ఆ పెట్టెలో ఉన్నదీ ప్రధానంగా కెపాసిటరే అన్నారు. మోటారులో దానికి పని ఉంది. సింగిల్ ఫేజు కరెంటు తనంతట తాను మోటారును తిప్పడం మొదలుపెట్టలేదు. రెండో చుట్టలోని కరెంటును కాస్త ముందుకు జరిపి, అయస్కాంత క్షేత్రం తిరిగేలా చేసేది కెపాసిటరు. ప్లగ్గులో పెట్టినది మాత్రం, మోటారు చుట్టలు లైను నుంచి తీసుకుని మళ్లీ తిరిగి ఇచ్చేసే కరెంటును దగ్గర నుంచే అందిస్తుంది. అందువల్ల ఆంపియర్లు తగ్గుతాయి. కానీ అలా వచ్చిపోయే శక్తిని మన ఇంటి మీటరు యూనిట్లలో కలపనే కలపదు. పవర్ ఫ్యాక్టరు (తీసుకున్న కరెంటులో నిజంగా పనికొచ్చే భాగం) తగ్గితే దానికి కూడా డబ్బు కట్టే ఫ్యాక్టరీల్లో కెపాసిటర్లు నిజంగానే ఆదా చేస్తాయని ఆయన దాచకుండా చెప్పారు. నాకు బాగా నచ్చింది ఆ నిజాయితీయే.

మా మీటరు మీద యూనిట్‌కు 3200 మెరుపులని రాసి ఉంది, అంటే దాని మీదున్న చిన్న లైటు అన్నిసార్లు మెరిస్తే ఒక యూనిట్ ఖర్చయినట్టు. బాగుపడిన మోటారు నడుస్తుండగా, వంద మెరుపులకు పట్టే సమయాన్ని పెట్టెతో ఒకసారి, పెట్టె లేకుండా మరోసారి మాస్టారు నాన్న చేతే కొలిపించారు. తేడా కనిపించలేదు. నాన్న పెట్టె వెనక్కి ఇచ్చేశారు.

మెకానిక్ అన్న సామాన్ల ఖరీదు, న్యాయమైన కూలీ మాత్రమే తీసుకున్నారు. మాస్టారు కాఫీ తప్ప ఏమీ ముట్టలేదు. మోటారు బాగయ్యేదాకా గోడ మీదుగా పైపు వేసి నీళ్లిచ్చిన పక్కింటి పిన్నిగారికీ మా ధన్యవాదాలు.