అద్దె ఇంటికి సిబిల్ రిపోర్టు అడగడంపై ఒడిశా గృహనిర్మాణ, పట్టణాభివృద్ధి శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారాలు.

నేను బరంపురంలో అద్దె ఒప్పందాలు రాసే దస్తావేజు లేఖరిని. ఆధార్ నకలు, ఫొటోలు, కుదిరినంత అడ్వాన్సు, పదకొండు నెలల ఒప్పందం ఉంటే చాలు, తాళంచెవులు చేతికి వచ్చే రోజులుండేవి. ఇప్పుడు కొత్తగా కట్టిన అపార్ట్‌మెంట్లలో కొందరు యజమానులు సిబిల్ రిపోర్టు, అంటే మనిషి అప్పుల చరిత్రనూ దానికి వేసిన స్కోరునూ చూపే పత్రం, కూడా తెమ్మంటున్నారు. స్కోరు తక్కువని తెలియగానే, వేరేవాళ్లకు ఇచ్చేశామని బ్రోకరుతో కబురు పంపుతున్నారు.

ఈమధ్య నా బల్ల ముందు కూర్చున్న ఒక తెలుగు ఇల్లాలి సంగతి తమకు చెప్పాలి. ఆమె భర్త మన గంజాం జిల్లావాళ్లు వేలమంది వెళ్లినట్టే సూరత్ మరమగ్గాల పనికి వెళ్లి, 2020 లాక్‌డౌన్‌లో పని పోయి ఇంటికి వచ్చారు. రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన వాయిదాల విరామం ఆ ఏడాది ఆగస్టు 31తో ముగిసింది గానీ, మగ్గం పని వెంటనే దొరకలేదు. బండి అప్పు వాయిదాలు తప్పాయి. తరవాత వసూలుకు వచ్చినవాళ్లు ఒక మొత్తం కడితే అప్పు తీరిపోయినట్టేనంటే, పుస్తెలతాడు కుదువపెట్టి కట్టారు. ఆమె తెచ్చిన రిపోర్టులో నెలనెలా గడుల్లో 030, 060, 090 అని బాకీపడిన రోజుల లెక్క ఉంది, ఖాతా ఎదురుగా ‘సెటిల్డ్’ అని ఉంది. పూర్తిగా తీర్చిన అప్పుకు ‘క్లోజ్డ్’ అని రాస్తారనీ, ‘సెటిల్డ్’ అంటే కొంత కట్టించుకుని మిగతాది వదిలేసినట్టనీ ఆ రోజు వాళ్లకు ఎవరూ చెప్పలేదు. అదే కుటుంబం పాత ఇంట్లో ఏళ్లతరబడి ఒక్క నెలా తప్పకుండా అద్దె కట్టిందన్న మాట మాత్రం ఆ రిపోర్టులో ఎక్కడా లేదు. అసలు అప్పే చేయని మనిషికి స్కోరు బదులు ‘-1’ కనిపిస్తుంది. దాన్ని చూసి కూడా అనుమానించే యజమానులున్నారు.

సిబిల్ వంటి సంస్థలకు వర్తించే 2005 నాటి రుణ సమాచార సంస్థల చట్టం ఈ వివరాలను బ్యాంకుల వంటి నిర్దిష్ట సంస్థలకే అందుబాటులో ఉంచింది. ఇంటి యజమాని ఆ వరుసలో లేడు. అందుకే అద్దెకు వచ్చినవాడి చేతనే తీయించి వాట్సాప్‌లో పెట్టించుకుంటున్నారు. పాన్ నంబరు, చిరునామాలు, ప్రతి అప్పు వివరం అలా ఏ బ్రోకరు ఫోనులో ఎంతకాలం ఉంటాయో అడిగే నాథుడు లేడు.

యజమానుల భయాన్ని నేను కొట్టిపారేయడం లేదు. ఇంటి అద్దె మీదే బతికే వృద్ధులు నాకు తెలుసు; అద్దె ఎగ్గొట్టినవాణ్ణి ఖాళీ చేయించలేక కోర్టుల చుట్టూ తిరిగినవాళ్లూ తెలుసు. కానీ ఆ భయానికి మందు కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టంలోనే ఉంది: నివాస గృహానికి అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించకూడదు, ఒప్పందం రాతపూర్వకంగా ఉండి అద్దె అధికారికి తెలియాలి, వరుసగా రెండు నెలలు అద్దె చెల్లించక నోటీసుకూ స్పందించకపోతే ఖాళీ చేయించే దారి ఉంటుంది. ఇళ్ల అద్దె రాష్ట్రం చేతిలోని విషయం కనుక, ఈ నిబంధనలు బరంపురం, పర్లాఖిముండి, రాయగడ, జయపురం వంటి పట్టణాల్లో నిజంగా అమలయ్యేలా తమరే చూడాలి.

దానితోపాటు, నివాస గృహాల అద్దెకు రుణ రిపోర్టు అడగరాదని శాఖ తరఫున స్పష్టమైన ఉత్తర్వు ఇవ్వాలని, అద్దె చెల్లింపు రసీదులనూ పాత యజమాని ఇచ్చే లేఖనూ నమ్మకానికి ఆధారంగా ఒప్పంద పత్రం నమూనాలోనే చేర్చాలని కోరుతున్నాను. ఏటా ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా పొందే హక్కు ఉన్నట్టు, తప్పులపై ఫిర్యాదు 30 రోజుల్లో పరిష్కారం కాకపోతే రోజుకు 100 రూపాయల పరిహారం వస్తుందన్నట్టు మా వాడల్లో చాలామందికి తెలియదు. ప్రభుత్వ సేవా కేంద్రాల్లో ఈ సాయం ఒడియాతోపాటు తెలుగులోనూ అందితే, ఇంగ్లీషు రాని ఆడవాళ్లు తమ రిపోర్టు తామే తెలుసుకుని తప్పులు దిద్దించుకోగలుగుతారు.

కొత్త అద్దెలు ఎక్కువగా కుదిరేది బడులు తెరిచే ముందే కనుక, వచ్చే విద్యాసంవత్సరంలోపే ఉత్తర్వు వెలువరించాలని వేడుకుంటున్నాను.

ఇట్లు
తమ విధేయుడు,
దస్తావేజు లేఖరి, బరంపురం