అల్జీరియాకు మిర్చి: ముందు అడగవలసింది ధర కాదు

సంపాదకులకు నమస్కారం.

గుంటూరు మిర్చి యార్డులో ధర పడిపోయిన ప్రతిసారీ కొత్త దేశాల పేర్లు వినబడుతుంటాయి. 2025 ఆరంభంలో ధర కుంగి, కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించవలసి వచ్చిన నాటి నుంచి, చైనా, బంగ్లాదేశ్ వంటి కొద్ది దేశాలనే నమ్ముకుంటే కుదరదన్న మాట బలపడింది. ఆ మాట సబబే. అయితే ఉత్తర ఆఫ్రికా సంగతి వచ్చి అల్జీరియా పేరెత్తగానే, 'చమురు దేశమండీ, డబ్బుకేం లోటు' అని తేల్చేయడం విన్నప్పుడల్లా, బ్యాంకులో విదేశీ మారక విభాగంలో చాలాకాలం పనిచేసి విరమించినవాడిగా నాకు ఆందోళన కలుగుతుంది.

అల్జీరియాలో డబ్బు లేదని నేను అనడం లేదు. ఆ డబ్బు ఎవరి చేతిలో ఉందన్నదే అసలు ప్రశ్న. 1956లో సహారా ఎడారిలోని హాసీ మెసౌద్ వద్ద చమురు బయటపడింది. 1971 ఫిబ్రవరి 24న అధ్యక్షుడు బూమెదియన్ ఆ రంగాన్ని జాతీయం చేశారు. అప్పటి నుంచి ప్రభుత్వ సంస్థ సోనాత్రాక్ అమ్మే చమురు, గ్యాసులే ఆ దేశానికి ప్రధాన ఎగుమతులు. ఎగుమతి ఆదాయంలో పదింట తొమ్మిది వంతులు, అటూ ఇటూగా, వాటి నుంచే వస్తుంది. అంటే డాలర్లు దేశంలోకి ప్రభుత్వ ద్వారం గుండా వస్తాయి, అదే ద్వారం గుండా బయటికి వెళ్తాయి. మన దగ్గర సరుకు కొనే అక్కడి వ్యాపారి చేతిలో ఉండేది దీనార్లు. వాటిని ఇష్టం వచ్చినట్లు డాలర్లుగా మార్చుకునే స్వేచ్ఛ అతనికి లేదు. అతను ఎంత నిజాయతీపరుడైనా, అతని బ్యాంకు అనుమతి లేనిదే మనకు పైసా రాదు.

చమురు ధర పడినప్పుడు ఆ అనుమతి ఎలా బిగుసుకుంటుందో గత దశాబ్దంలో స్పష్టంగా కనిపించింది. 2014 మధ్యలో పీపా వంద డాలర్లకు పైగా పలికిన చమురు 2016 జనవరిలో ముప్పై డాలర్ల దిగువకు వచ్చింది. 2013 చివర దాదాపు 19,400 కోట్ల డాలర్లున్న అల్జీరియా విదేశీ మారక నిల్వలు 2020 చివరకు 5,000 కోట్ల డాలర్ల లోపుకు కరిగిపోయాయి. ఆ మధ్యలోనే, 2018 ఆరంభంలో 851 రకాల సరుకుల దిగుమతిని ఒక్కసారిగా నిలిపివేశారు. మరుసటి ఏడాది నిషేధం తీసి, దాని స్థానంలో 30 నుంచి 200 శాతం వరకు అదనపు సుంకం పెట్టారు. ప్రపంచ వాణిజ్య సంస్థలో ఆ దేశం సభ్యురాలు కాదు గనుక, ఇలాంటి నిర్ణయాలను అక్కడ సవాలు చేసే దారి కూడా మనకు లేదు.

నిబంధనలలో మనవారు ముఖ్యంగా గమనించవలసింది ఒకటుంది. అక్కడి దిగుమతిదారు ప్రతి కొనుగోలునూ ముందుగా తన బ్యాంకులో నమోదు చేయించుకోవాలి. ఆ నమోదు లేకుండా సరుకు రేవుకు చేరితే కస్టమ్స్ దాటదు, డబ్బు కదలదు. నాకు తెలిసిన ఒక చిన్న ఎగుమతిదారు, నమోదు అయిపోయిందని ఈమెయిల్‌లో వచ్చిన ఒక్క మాట పట్టుకుని, కోల్డ్ స్టోరేజీ నుంచి టిక్కీలు (మిర్చి బస్తాలు) తీయించి, తాలు ఏరించి, తొడిమలు తీయించి మరీ కంటైనర్ పంపారు. నమోదు నిజానికి జరగలేదు. సరుకు నెలల తరబడి రేవులోనే ఉండిపోయి, డెమరేజీ (రేవులో ఆలస్యానికి పడే రుసుము) రోజురోజుకూ పెరుగుతుంటే, వెనక్కి తెచ్చుకోవడానికి కూడా ఆ దిగుమతిదారు అంగీకార పత్రమే కావాలని అక్కడి ఏజెంటు చెప్పాడు. తేమకు, వేడికి రంగు తగ్గిన కాయను చివరికి ఎంతకు వదులుకున్నారో ఆయన నాకు చెప్పలేదు, నేను అడగనూ లేదు.

ఇంతకంటే ప్రమాదకరమైనది మరొకటి ఉంది. అల్జీర్స్‌లోని పోర్ట్ సయీద్ కూడలిలో డాలర్లు, యూరోలు బహిరంగంగానే చేతులు మారతాయి. అక్కడ డాలరు ధర అధికారిక ధర కంటే చాలా ఎక్కువ. ఆ వ్యత్యాసాన్ని సొమ్ము చేసుకోవాలనుకునే దిగుమతిదారు, ఇన్‌వాయిస్‌లో ధర పెంచి వేయమనీ, ఎక్కువగా వచ్చిన మొత్తాన్ని వేరే దేశంలోని తన ఖాతాలో వేయమనీ అడుగుతాడు. ప్రభుత్వం ఇచ్చే చౌక డాలర్లను దేశం దాటించే పద్ధతి అది. 'మనకేం పోయింది, మన డబ్బు మనకు వస్తుంది కదా' అని నాతోనే వాదించిన వారున్నారు. తప్పుడు విలువ ప్రకటిస్తే అక్కడి చట్టం మాట అటుంచి, ఇక్కడ కస్టమ్స్ చట్టమూ, 1999 నాటి విదేశీ మారక నిర్వహణ చట్టమూ రెండూ వర్తిస్తాయి. చిక్కు వచ్చిన రోజున దిగుమతిదారు సముద్రం అవతల ఉంటాడు, సంతకం పెట్టినవారు గుంటూరులో ఉంటారు.

మరి వ్యాపారం వద్దా అంటే, చేయవచ్చు, పద్ధతిగా చేయవచ్చు. ఎల్‌సీ (దిగుమతిదారు బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ పత్రం) తెరిపించడంతో సరిపెట్టుకోకుండా, అల్జీరియా బయటి బ్యాంకు ఒకటి దానిని కన్ఫర్మ్ చేసేలా పట్టుబట్టాలి. అప్పుడు పత్రాలు సక్రమంగా ఉంటే చెల్లింపు బాధ్యత ఆ బ్యాంకుదీ అవుతుంది. దాని ఖర్చును ధరలోనే కలుపుకోవాలి. ఎగుమతిదారుకు డబ్బు రాకపోతే ఆదుకునే ప్రభుత్వ సంస్థ ఈసీజీసీ బీమా ప్రీమియం దండగని తీసిపారేయకూడదు. మరో చిన్న సంగతి: 2009 నుంచి అక్కడ వారాంతపు సెలవు శుక్ర, శనివారాలు. మన ఆదివారం కూడా కలిస్తే రెండు చోట్లా బ్యాంకులు పనిచేసేది సోమవారం నుంచి గురువారం వరకే. పైగా వ్యవహారమంతా ఫ్రెంచిలోనో, అరబ్బీలోనో సాగుతుంది. ఎల్‌సీలో ఒక్క పదం తేడా వచ్చినా సవరణకు వారం గడిచిపోతుంది. ఈలోగా ఓడ వెళ్లిపోతుంది. 2023 చివర ఎర్ర సముద్రంలో దాడులు మొదలయ్యాక ఓడలు దక్షిణాఫ్రికాలోని గుడ్ హోప్ అగ్రం చుట్టూ తిరిగి వెళ్లవలసి రావడంతో రవాణా గడువులు ఎలా తప్పాయో మనవారికి అనుభవమే.

పొగాకు బోర్డు కేంద్ర కార్యాలయం ఉన్న ఈ ఊరికి విదేశీ వ్యాపారం కొత్త కాదు. పెద్ద సంస్థలకు సలహాదారులూ ఉన్నారు. ఇబ్బందల్లా ఏడాదికి ఒకటో రెండో కంటైనర్లు పంపే చిన్నవారికే. గుంటూరులోని స్పైసెస్ బోర్డు కార్యాలయం, ఈసీజీసీ, బ్యాంకులు కలిసి సీజన్ మొదలయ్యే ముందు యార్డులోనే ఒక సహాయ కేంద్రాన్ని తెరిచి, అల్జీరియా, లిబియా వంటి దేశాలలో ఆ నెలలో అమలులో ఉన్న దిగుమతి నిబంధనలను తెలుగులో బోర్డు మీద రాసి ఉంచాలనీ, దిగుమతిదారు పంపిన బ్యాంకు పత్రాలు అసలైనవో కావో చూసి చెప్పే ఏర్పాటు చేయాలనీ మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత బ్యాంకు అధికారి,
బ్రాడీపేట, గుంటూరు.