శనివారం అడిగితే ఒక లెక్క, ఆదివారం అడిగితే ఇంకో లెక్క

సంపాదకులకు నమస్కారం.

మనది శాకాహార దేశమంటూ పోయిన ఆదివారం మీ అనుబంధంలో వ్యాసం వేశారు. ఆదివారాలు మాకు పేపరు చదివే తీరిక ఉండదు, కోడికూర ప్యాకెట్లు కట్టేసరికే మధ్యాహ్నం దాటిపోతుంది. సోమవారం గిరాకీ పల్చబడ్డాక చదివాను. గుంటూరు బ్రాడీపేటలో కర్రీ పాయింట్ నడుపుకునే నాకు నవ్వాగలేదు.

జనాభా లెక్కలు చూసే కేంద్ర ప్రభుత్వ రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయం 2014లో చేయించిన సర్వే ప్రకారం 15 ఏళ్లు దాటినవాళ్లలో 71 శాతం మంది మాంసాహారులే, శాకాహారులు 29 శాతం. తెలంగాణలో దాదాపు 99 శాతం, మన ఆంధ్రలో 98. శాకాహారులు ఎక్కువగా ఉన్నది రాజస్థాన్, హర్యానా, పంజాబ్, గుజరాత్‌లలో. రాజస్థాన్‌లో నలుగురిలో ముగ్గురు ముట్టరట. పంజాబ్ పేరు చూసి మా అబ్బాయి నమ్మలేదు. బటర్ చికెన్ తినేదెవరమ్మా మరి, అన్నాడు.

ప్యూ అనే అమెరికా సంస్థ కరోనాకు కాస్త ముందు మన దేశమంతా తిరిగి అడిగితే మాత్రం 39 శాతం మంది తాము శాకాహారులమని చెప్పారు. 29కీ 39కీ మధ్య ఇంత తేడా ఏమిటని చదువుకున్నవాళ్లు వాదించుకుంటారు. నాకైతే ఆశ్చర్యమేమీ లేదు. అదే సంస్థ ఇంకో సంగతి కూడా చెప్పింది: 81 శాతం మంది మాంసం విషయంలో ఏదో ఒక నియమం పెట్టుకున్నవాళ్లేనట. ఫలానా మాంసం తినమనో, ఫలానా రోజు తినమనో.

ఆ ఫలానా రోజులన్నీ నా షాపు బోర్డు మీద ఉంటాయి. సోమవారం శివుడు, మంగళవారం ఆంజనేయస్వామి, గురువారం సాయిబాబా, శనివారం వెంకన్న. శుక్రవారం లక్ష్మీదేవికని మానేసేవాళ్లు కొందరు. ఇక నికరంగా మిగిలేది బుధవారం, ఆదివారం. శనివారం చేపల పులుసు చేసుకుంటే రాత్రికి మేమే తినాలి. అదే మనిషి శనివారం దోసకాయ పప్పు, బెండకాయ వేపుడు కట్టించుకుని, తెల్లారగానే ఫోన్ చేసి ‘రెండు చికెన్ పక్కన పెట్టండి ఆంటీ’ అంటాడు. కార్తీక మాసం వస్తే కోళ్ల రేటు కూడా దిగుతుంది. మాల వేసుకున్న అయ్యప్ప స్వాములు ఉల్లి, వెల్లుల్లి కూడా వద్దంటారు కాబట్టి వాళ్ల కూరలకు గిన్నెలు వేరే పెడతాను. ఆ నెలంతా నాకు పప్పు, వేపుళ్ల మీదే బేరం. సంక్రాంతి వెళ్లి కనుమ వచ్చిందా, వేటమాంసం కోసం పొద్దున్నే లైను.

ఇలాంటి ఊళ్లో తలుపు తట్టి ‘మీరు శాకాహారులా’ అనడిగితే ఏ రోజు అడిగారో కూడా రాసుకోవాలి.

ఆడవాళ్ల సంగతి ఇంకోటి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ల మధ్య మగవాళ్లలో మాంసం, చేపలు అసలు ముట్టనివాళ్లు 17 శాతం లోపే. ఆడవాళ్లలో 29 శాతం పైన. ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద ఇంత తేడా ఎలా వస్తుంది? ఇంటిల్లిపాదీ బాగుండాలని మొక్కేది ఆవిడ, మానేసేదీ ఆవిడే. మొగుడికి, పిల్లలకి చికెన్ కట్టించుకుని తనకి సాంబారు చాలనే ఆడవాళ్లను నేను రోజూ చూస్తాను. కొందరికి అది నిజంగానే భక్తి, కాదనను. కొందరికి ముక్కలు లెక్కకు చాలవు. ఆ రెండో రకం వాళ్లను ఏ సర్వే విడదీసి చూపిస్తుందో నాకు కనపడలేదు.

అసలు ముట్టనివాళ్లంటే నాకు గౌరవమే. మా వీధిలో బ్రాహ్మలు, కోమట్లు ఉన్నారు, జైనులైన మార్వాడీలూ ఉన్నారు. వాళ్ల కోసం విడిగా స్టవ్ కూడా పెట్టాను. నా బాధల్లా, వాళ్ల అలవాటుని దేశం మొత్తానికి అంటగట్టడం మీద. ఇంతకుముందు షాపుకని అద్దె మాట్లాడుకున్న చోట, నీచు వండుతానని తెలిసి ఓనరు అడ్వాన్సు వెనక్కి ఇచ్చేశాడు. సరే, అది ఆయన ఇల్లు. కానీ ప్రభుత్వాలు కూడా అలాగే ఆలోచిస్తే పిల్లల కంచంలో గుడ్డు పోతుంది. 2015లో మధ్యప్రదేశ్‌లో గిరిజన ప్రాంతాల అంగన్‌వాడీల్లో గుడ్డు పెడదామంటే అప్పటి ముఖ్యమంత్రి ఒప్పుకోలేదు. ఆ రాష్ట్రంలో సగం మంది మాంసాహారులేనని ఆ పైన చెప్పిన 2014 లెక్కలే అంటున్నాయి. మన దగ్గర మధ్యాహ్న భోజనంలో గుడ్డు పెడుతున్నారు. తినని పిల్లలు పక్కన పెట్టేస్తారు, గొడవేమీ జరగలేదు.

ఈసారి ఇలాంటి వ్యాసం వేసేటప్పుడు రాష్ట్రాలవారీ లెక్కలు, ఆడా మగా లెక్కలు పక్కనే వేయండి. శాకాహార దేశమన్న ఆ పెద్దక్షరాలు ఆంధ్రాలో అమ్ముడయ్యే పేపరు మీద మరీ ఎబ్బెట్టుగా ఉన్నాయి.

నా పేరు మాత్రం వేయొద్దు. ఇప్పటి షాపు ఓనరు కూడా మీ పేపరే వేయించుకుంటారు.

— ఒక కర్రీ పాయింట్ యజమానురాలు, గుంటూరు