గోడ లెక్క కబోర్డుకి పనికిరాదు

సంపాదకుల వారికి,

నమస్కారం. మొన్న మీ పాఠకుల లేఖల్లో ఒకాయన రాసింది చదివాను. ఇల్లంతా గోడలకు రంగు వేయడానికి అడిగినంత డబ్బు ఒక్క వంటింటి కబోర్డులకే అడిగారట పెయింటరు. "ఉన్నవి నాలుగు చెక్క తలుపులు, ఇది పట్టపగలు దోపిడీ కాదా?" అని ఆయన ప్రశ్న. ఆ దోపిడీ చేసే బాపతు మనిషినే నేను. పెయింటింగ్ కాంట్రాక్టరుని. పంతొమ్మిదేళ్లుగా ఇదే పని, అందులో మొదటి ఆరేళ్లు వేరే మేస్త్రీ దగ్గర బకెట్లు మోశాను. ఆయన మీద నాకు కోపమేమీ లేదు. నేనూ మొదట్లో ఆయన వేసిన లెక్కే వేశాను. నష్టం మాత్రం నా జేబులోంచి పోయింది.

సొంతంగా పని మొదలుపెట్టాక ఒప్పుకున్న మొదటి కబోర్డుల పని అది. టేపు పెట్టి కొలిచాను. 22 తలుపులు, 7 డ్రాయర్లు. ఒక్కో తలుపు రెండడుగుల ఎత్తు, అడుగున్నర వెడల్పు, అంటే 3 చదరపు అడుగులు. 22 తలుపులకు 66, రెండు వైపులా కలిపి 132. ఒక చిన్న గది గోడంత కూడా లేదు. గోడల రేటుకి రెట్టింపు వేసి చెప్పాను. ఎక్కువ అడిగేశానేమో, వెళ్లిపోతారేమో అని పైనుంచి టెన్షన్ ఒకటి. నాలుగు రోజుల్లో ఇచ్చేస్తానన్నాను. పదకొండు రోజులు పట్టింది.

మా ఆవిడకి ఒక అలవాటు ఉంది. సాయంత్రం నేను చేతులు కడుక్కునేలోపే పుస్తకం తెరిచి, "ఇవాళ ఏం చేశారు, ఎంతసేపు చేశారు?" అని అడుగుతుంది. అప్పట్లో అది నాకు చిరాకు. ఆ పని అయ్యాక ఆ పుస్తకం నా ముందు పెట్టింది. నాతో వచ్చిన కుర్రాడికి ఇచ్చిన కూలి తీసేస్తే, నాకు మిగిలింది వాడి కూలి కన్నా తక్కువ.

ఒక్క తలుపు మీద సమయం ఎలా పోతుందో చెబుతాను. హ్యాండిల్, కీలు విప్పి, ఎక్కడిది ఎక్కడికో తెలిసేలా కీలు గుంటలో నంబరు రాసి టేపు అంటించడానికి 10 నిమిషాలు. జిడ్డు తీయడానికి ఇంకో 10. గరుకు పేపర్ కొట్టి నునుపు చేయడానికి 20. రంగుకి ముందు వేసే ప్రైమర్ రెండు వైపులా 10, అది ఆరాక మళ్లీ 220 నంబరు పేపర్ 10, మొదటి కోటు 10, తేలికగా ఇంకోసారి పేపర్ 6, రెండో కోటు 10. తిరిగి బిగించి, పక్క తలుపుతో సందు సమానంగా వచ్చేలా స్క్రూలు తిప్పడానికి 15. మొత్తం 101 నిమిషాలు. 22 తలుపులకు 37 గంటలు. డ్రాయర్లకు దాదాపు 9. గోడకు బిగించి ఉన్న ఫ్రేములకు 14. నేల, స్టవ్, గట్టు, గోడలు కప్పి టేపులు వేసి, చివర్లో అవన్నీ ఊడదీసి తుడవడానికి 6. మొత్తం 66 గంటలు. అదే 132 చదరపు అడుగుల గోడ అయితే, రోలర్ పట్టిన కుర్రాడు ఒక కోటు గంటలో లాగేస్తాడు. లప్పం, పేపరు కలుపుకున్నా చేతి పని ఒక రోజు దాటదు.

చదరపు అడుగుల లెక్కలో అంచులు అసలు కనిపించవు. నేను చెప్పిన తలుపు చుట్టూ కొలిస్తే 7 అడుగులు. 22 తలుపులకు 154 అడుగుల అంచు. చెక్క పీచు అతికించి చేసిన ఎండీఎఫ్ పలక అయితే ఆ అంచు ప్రైమర్‌ని స్పాంజిలా తాగేస్తుంది, ఒక కోటుతో సరిపోదు. రోజూ చేయి తగిలేదీ, ముందుగా రంగు లేచేదీ ఆ అంచుల దగ్గరే. గోడ మీద బ్రష్ గీత పడితే ఎవరికీ పట్టదు. కబోర్డు తలుపు కంటికి అడుగు దూరంలో ఉంటుంది, పైగా లైటు పడుతుంది. ఒక్క వెంట్రుక అతుక్కున్నా సరే, ఇంటావిడ వేలు నేరుగా దాని మీదికే వెళుతుంది. వెళ్లాలి కూడా, డబ్బిచ్చేది ఆవిడే.

మొదటి పనిలో ఇంకో దెబ్బ తగిలింది. అవి ఓక్ తలుపులు. సాయంత్రం తెల్లటి కోటు వేసి, చూసుకుని మురిసిపోయి ఇంటికి వెళ్లాను. పొద్దున వచ్చి చూస్తే తెలుపులో పసుపు గోధుమ రంగు మరకలు, టీ ఒలికినట్టు. చెక్కలోని రసం నీళ్ల ప్రైమర్ గుండా పైకి ఊరింది. ఇంకో కోటు వేశాను, మళ్లీ ఊరింది. ఆ మరకను ఆపాలంటే కింద లక్కతో చేసిన షెల్లాక్ ప్రైమర్ పడాలని అప్పుడు తెలిసింది. మొత్తం మళ్లీ రుద్ది, షెల్లాక్ కొట్టి, మొదటి నుంచి మొదలుపెట్టాను. ఆ ఖర్చు ఇంటివాళ్లని అడగలేదు. చెక్క ఏమిటో చూడకుండా రేటు చెప్పింది నేనే కదా.

ఇంకో ఇంట్లో స్ప్రే గన్‌తో రంగు కొడుతుంటే ఒక తలుపు మీద చుక్కలు చుక్కలుగా రంగు వెనక్కి జరిగిపోయి గుండ్రటి గుంటలు పడ్డాయి. మా వాళ్లు ఫిష్ ఐ అంటారు, అచ్చం చేప కళ్లలాగే ఉంటాయి. ఆరా తీస్తే, కీలు కిర్రుమంటోందని ఎప్పుడో సిలికాన్ స్ప్రే కొట్టారట. అది కంటికి కనబడదు, మామూలుగా తుడిస్తే పోదు. చెక్క కనపడేదాకా రుద్దాల్సి వచ్చింది. అందుకే ఇప్పుడు రేటు చెప్పేముందు నేను పోలీసులా ప్రశ్నలు వేస్తాను. తలుపులకు ఏ పాలిష్ రాస్తారు? కీళ్లకి ఏం కొట్టారు? ఇంతకుముందు ఎవరైనా రంగు వేశారా, ఎప్పుడు? మరీ పాత రంగు అయితే అందులో సీసం ఉండొచ్చు. అలాంటిది పొడిగా రుద్ది దుమ్ము లేపకూడదు, ఆ పని వేరు, దాని జాగ్రత్త వేరు, దాని రేటు కూడా వేరు.

ఫోన్‌లోనే "సార్, సుమారుగా ఎంతవుతుంది?" అని అడుగుతారు. సుమారుగా చెబితే అదే రాతి మీద గీత అయిపోతుంది. నేను చెప్పను. తలుపులు, డ్రాయర్లు లెక్కపెట్టి ఫోటోలు పంపమంటాను, తర్వాత వెళ్లి చూస్తాను. తలుపు మీద లామినేట్ షీటు ఉంటే ఒక మూల శుభ్రం చేసి, పేపర్ కొట్టి, నున్నటి పలకకు పట్టుకునే రకం ప్రైమర్ వేసి వస్తాను. అది గట్టిపడ్డాక వెళ్లి బ్లేడుతో నిలువుగా అడ్డంగా గీతలు గీసి, దాని మీద టేపు అంటించి సర్రున లాగుతాను. టేపుతో పాటు రంగు వస్తే ఆ పని ఆ పద్ధతిలో చేయను. పైన అంటించిన మెంబ్రేన్ పొర అంచుల్లో లేచిపోతుంటే అసలు రంగే వద్దంటాను, తలుపు మార్చుకోమంటాను. అలా చెప్పి పోగొట్టుకున్న పనులు చాలానే ఉన్నాయి. వాటిలో కొన్నిటిని వేరేవాళ్లు చేశారు, తర్వాత బాగుచేయమని నాకే ఫోన్ వచ్చింది. లేచిపోయిన రంగు గీకి మళ్లీ వేయడం కొత్తగా వేయడం కన్నా ఎక్కువ పని. ఆ మాట చెబితే మళ్లీ దోపిడీ అంటారు.

ఇప్పుడు నా లెక్క ముక్కల మీదే. ఒక తలుపుకి ఇంత, ఒక డ్రాయర్‌కి ఇంత, ఫ్రేములకు విడిగా, లోపలి అరలకు రంగు కావాలంటే అదీ విడిగా. రంగూ సామానూ అందరూ అనుకునేంత ఉండదు. మా పుస్తకం ప్రకారం నా పనుల్లో సామాను ఖర్చు మొత్తంలో ఐదో వంతు ఎప్పుడూ దాటలేదు. "డబ్బా మేమే కొనిస్తాం, మరి తగ్గించండి" అన్నవాళ్ల దగ్గర అందుకే నీళ్లు నములుతాను. తగ్గేది కాస్తే. పైగా పీయూ, అంటే పాలియురేథేన్ రంగు అయితే గట్టిపరిచే మందు కలిపాక కొన్ని గంటల్లోనే వాడేయాలి, మిగిలింది పారేయాల్సిందే. దాన్ని గన్‌తో కొట్టేటప్పుడు మామూలు దుమ్ము మాస్కు చాలదు. అందులో ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి, ఊపిరితిత్తులకు చేటు. సరైన మాస్కు, దాని ఫిల్టర్లు కూడా నా రేటులోనే ఉంటాయి.

లాభం విషయంలోనూ చాలాకాలం బోల్తాపడ్డాను. 100 ఖర్చయ్యే పనికి 20 కలిపి 120 అడిగి, 20 శాతం మిగిలిందని సంబరపడేవాడిని. మా ఆవిడ పెన్నుతో కొట్టేసింది. "120లో 20 అంటే ఆరో వంతు. 17 శాతం కూడా లేదు. మీరు 20 శాతం అనుకుని ఖర్చు పెట్టేస్తున్నారు, నెలాఖరుకి తగ్గక ఏమవుతుంది?" అంది. చేతికొచ్చేదాంట్లో 20 శాతం మిగలాలంటే ఖర్చుని 0.8తో భాగించాలట, అంటే 125 అడగాలి. ఆ 5 ఎక్కడ పోతోందో తెలియక నేను ఏళ్ల తరబడి కుర్రాళ్లని కసిరాను.

ఇక ఆరబెట్టడం. 29 ముక్కలు, రెండేసి వైపులు. ఒక వైపు ఆరితే గానీ రెండో వైపు తిప్పలేం. పదకొండు రోజుల్లో సగం అక్కడే పోయింది. చేతులు ఖాళీగా ఉన్నట్టే కనబడతాయి, కానీ తలుపులన్నీ నా షెడ్డులో పరిచి ఉంటే ఇంకో పని తలుపులు పెట్టడానికి చోటుండదు. "ఈ రెండు రోజులు మీరు రానే లేదుగా, మరి దానికి కూడా డబ్బులా?" అని అడిగినవాళ్లున్నారు. ముట్టుకుంటే ఆరినట్టే ఉంటుంది, కానీ నీళ్ల ఎనామెల్ పూర్తిగా గట్టిపడటానికి దాదాపు నెల పడుతుంది. ఈ నెలా తడిగుడ్డతో గట్టిగా రుద్దొద్దని రాసిచ్చి మరీ వస్తాను. ఒకావిడ మర్నాడే స్క్రబ్బర్‌తో రుద్దారు. "మీ రంగు పోతోందండీ" అని ఫోన్ చేశారు. వెళ్లి ఆ ఒక్క తలుపు మళ్లీ వేసి వచ్చాను. ఈసారి కాగితం చేతికి ఇవ్వకుండా తలుపుకే అంటించాను.

అలాగని మావాళ్లందరూ శుద్ధపూసలు అని చెప్పను. ప్రైమర్ ఎగ్గొట్టేవాళ్లున్నారు, తలుపు లోపలి వైపు వదిలేసేవాళ్లున్నారు, విప్పకుండా కీళ్ల మీదే రంగు పూసేసేవాళ్లున్నారు. తక్కువ రేటు చెప్పగలిగేది అందుకే. కాగితం మీద "కబోర్డుల పెయింటింగ్, మొత్తం ఇంత" అని ఒక్క ముక్క రాసిచ్చేవాడు ఏం చేస్తాడో ఇంటివాళ్లకి తెలియదు, వాడికీ తెలియదు. మూడు చోట్ల రేట్లు అడగడం తప్పేమీ కాదు. కానీ ఒకడు 66 గంటల పనికి చెప్పిందీ, ఇంకొకడు 20 గంటల పనికి చెప్పిందీ పక్కపక్కన పెట్టి చిన్న అంకె ఎంచుకుంటే, మిగిలిన 46 గంటలూ ఎక్కడ ఎగిరిపోయాయో ఆర్నెల్ల తర్వాత హ్యాండిళ్ల దగ్గర కనబడుతుంది.

మీకు లేఖ రాసిన ఆ పెద్దాయనకి నాదో మనవి. ఆ కొటేషన్ కాగితం ఇంకా దగ్గరుంటే ఒకసారి చూడండి. అందులో తలుపులు ఎన్ని అని రాశాడా? రెండు వైపులా అని ఉందా? ఏ ప్రైమర్, ఎన్ని కోట్లు, విప్పి వేస్తాడా, విప్పకుండానా? ఇవన్నీ ఉంటే ఆ అంకె మీకు భారం కావచ్చు గానీ అది దోపిడీ కాదు. డబ్బు సరిపోకపోతే కింది వరస ఇప్పుడు చేయించుకుని, పై వరస తర్వాత చేయించుకోవచ్చు, లేదా లోపలి వైపు మానుకోవచ్చు. ప్రైమర్ మాత్రం మానొద్దు. ఒకవేళ కాగితం మీద అంకె ఒక్కటే ఉంటే మీ కోపం న్యాయమే, ఆ మనిషిని నేనూ వెనకేసుకురాను.

చివరిగా ఒక మాట. ఈ ఉత్తరం మా ఆవిడ పక్కన కూర్చుని తప్పులు దిద్దింది. అయ్యాక పుస్తకం తీసి 2 గంటల 10 నిమిషాలు అని రాసుకుంది. ఏ పని కింద అని అడిగితే, "కొటేషన్" అంది.

ఇట్లు,
ఒక పెయింటింగ్ కాంట్రాక్టరు