ఇరవై ఐదు గళ్లు, ఒంటి మేజోడు

సియాటిల్,
ఆగస్టు 17.

ప్రియమైన నేస్తానికి,

నీ ఉత్తరం చేరి మూడు వారాలు దాటింది. జవాబు ఆలస్యమైనందుకు కారణం చెబితే నవ్వుతావు, కాని చెప్పక తప్పదు: చేతులు ఖాళీగా ఉన్నప్పుడు కళ్లు ఖాళీగా లేవు, కళ్లు ఖాళీ అయ్యేసరికి చేతులు ఊలులో చిక్కుకుని ఉన్నాయి. ఎండాకాలంలో ఊలు ఒళ్లో వేసుకుని కూర్చునేవాళ్లు ఎక్కడైనా ఉంటారా అని దెప్పిపొడిచావు. నరసాపురంలో ఉక్కపోతలో కూర్చున్న నీకు అలా అనిపించడం సహజమే. ఇక్కడ వేసవి అంటే వాన తెరిపి ఇచ్చే కాలం, అంతే. జూన్ నెలలో రాత్రి తొమ్మిది దాటినా ఆకాశంలో వెలుతురు మిగిలే ఉంటుంది, సాయంత్రమయ్యేసరికి భుజాల మీదికి ఏదో ఒకటి లాక్కోవాలనిపిస్తుంది. దీపం వెయ్యకుండా వాకిట్లో మెట్ల మీద కూర్చుని చదువుకోవడానికీ, అల్లుకోవడానికీ ఈ ఊళ్లో ఇంతకంటే మంచి రోజులు దొరకవు.

ఈ వేసవిలో నా చదువంతా ఒక అట్టముక్క చెప్పినట్టు నడిచింది. సియాటిల్ పబ్లిక్ లైబ్రరీ, సియాటిల్ ఆర్ట్స్ అండ్ లెక్చర్స్ అనే సాహిత్య సంస్థ కలిసి ఇక్కడ ఏటా వేసవిలో పెద్దవాళ్ల కోసం బుక్ బింగో నడుపుతాయి. మీ వీధిలో ఆడవాళ్లందరూ చేరి ఆడే తంబోలాను గుర్తు తెచ్చుకో. అక్కడ అంకెలు పిలుస్తారు. ఇక్కడ పిలిచేవాళ్లెవరూ ఉండరు, గడికొక షరతు ఉంటుంది, ఆ షరతుకు సరిపోయే పుస్తకం చదివి గడి నింపుకోవాలి. వరుసగా ఐదు గళ్లు నిండితే బింగో, కార్డంతా నిండితే బ్లాకవుట్, అంటే మన ఫుల్ హౌసు అన్నమాట. దాన్ని చూసి, వారానికోసారి కలుసుకుని అల్లుకునే మా బృందం ఈసారి మాకు ఇష్టమైన షరతులతో సొంత కార్డు ఒకటి గీసుకుంది. అడ్డం ఐదు, నిలువు ఐదు, మొత్తం ఇరవై ఐదు గళ్లు. ఒక పుస్తకాన్ని ఒక్క గడికే వాడుకోవాలి. గడువు సెప్టెంబరు మొదటి సోమవారం, ఇక్కడివాళ్ల కార్మిక దినోత్సవం.

నిజానికి ఆ కార్డు మీద నాకు మోజు పుట్టింది పుస్తకాల వల్ల కాదు, గళ్ల వల్ల. ఊలు అల్లికల నమూనాలు కూడా గళ్లకాగితం మీదే గీస్తారని నీకు చెప్పానో లేదో. ఒక గడి అంటే ఒక కుట్టు. కింది వరుసలో కుడి మూలన మొదలుపెట్టి కుడి నుంచి ఎడమకు, కింది నుంచి పైకి చదువుకుంటూ పోవాలి. పదేళ్ల అలవాటు చూడు, మిగతావాళ్లందరూ పై వరుస నుంచి నింపుకుంటూ వస్తుంటే నేను మాత్రం కింది కుడి మూల గడిలో మొదటి గుర్తు పెట్టాను. ఆ గడి షరతు ‘ప్రయాణం’.

దానికి నేను తీసినది ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర చరిత్ర. మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీగా, అంటే ఒకరి మాటను మరొకరి భాషలో చెప్పేవాడిగా పనిచేసిన ఆయన 1830 మే 18న బయలుదేరి, పరివారంతో కాశీ దాకా వెళ్లి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. పదిహేను నెలల పదిహేను రోజుల పదిహేను గంటల ప్రయాణమని ఆ లెక్కను మనవాళ్లు ఇప్పటికీ ముచ్చటగా చెప్పుకుంటారు. మే నెల మధ్యలో మొదలై సెప్టెంబరు మొదట్లో ముగియడం చూస్తే ఆయన మా బింగో గడువునే పాటించారనిపించింది, కాకపోతే మధ్యలో ఒక సంవత్సరం ఎక్కువ. నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి వేరే ఉంది. దారిలో చూసినదల్లా ఆయన తన స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెగారికి రాసి పంపుతూ వచ్చారు. చివరికి ఆ స్నేహితుడే పూనుకుని 1838లో దాన్ని అచ్చు వేయించారు. అప్పటికి వీరాస్వామయ్యగారు లేరు. నేను రాసిన ఉత్తరాలు నీ బీరువాలో ఏ మూలన పడి ఉన్నాయో నన్ను అడగమనకు.

ఈ వేసవిలో నేను తెలుసుకున్న కిటుకు ఒకటుంది. పుస్తకాన్ని ఎంచుకునేది నేనని ఇన్నాళ్లూ అనుకున్నాను, కాని ఎంచుకునేది ఒళ్లో ఉన్న అల్లిక. చిల్లుల శాలువా అయితే ప్రతి వరుసలోనూ లెక్క తప్పకూడదు, కనుక దానితో పాటు చెవిన పడే ఆడియో పుస్తకం తేలికగా ఉండాలి, అది కూడా ఇదివరకు చదివినదైతేనే మంచిది. మెదడుతో పనిలేని చదును అల్లిక అయితే ఎంత చిక్కటి నవలైనా వినవచ్చు. అచ్చు పుస్తకం కావాలంటే దాన్ని పీట మీద నిలబెట్టి, పేజీలు క్లిప్పులతో నొక్కిపెట్టి, గుండ్రంగా ఒకే తీరున సాగే మేజోడు కాలిభాగం ఒళ్లో ఉండాలి. శంకరమంచి సత్యంగారి అమరావతి కథలు అలాగే చదివాను. నూరు కథలూ చిన్నవే. ఒక కథ పూర్తయ్యేసరికి ఏడెనిమిది వరుసలు పడేవి. బాపుగారి బొమ్మ వచ్చిన చోట మాత్రం అల్లిక దానంతటదే ఆగిపోయేది.

చార్లెస్ డికెన్స్ 1859 నాటి నవల ఎ టేల్ ఆఫ్ టూ సిటీస్‌ను ‘నూరేళ్లు దాటిన పుస్తకం’ గడి కోసం విన్నాను. అందులో మదాం డిఫార్జ్ అనే ఆవిడ పారిస్‌లో సారాయి కొట్టులో కూర్చుని, చావవలసిన వాళ్ల పేర్లన్నీ తన సొంత గుర్తులతో అల్లికలోకి ఎక్కిస్తూ ఉంటుంది. చదివినవాళ్లందరూ ఆవిడ పగ గురించే మాట్లాడతారు, నాకేమో రాత్రంతా ఆవిడ నమూనా గురించే ఆలోచన. నిట్టు, పర్లు అనే రెండే కుట్లతో పేరు రాయడం సాధ్యమే, చుక్కా గీతా తప్ప మరేమీ లేని తంతి సంకేతాల్లాగా. కాని ఒక కుట్టు జారితే ఎవరి పేరు ఎవరిదవుతుందో చెప్పు! మా బృందంలో ఈ సందేహం బయటపెడితే ఆ సాయంత్రం ఇక ఎవ్వరూ నవలలో మిగతా మనుషుల మాటే ఎత్తలేదు.

చేతిపనుల గడి నింపడానికి ఎలిజబెత్ జిమర్‌మన్ 1971లో రాసిన నిటింగ్ వితౌట్ టియర్స్‌ను మళ్లీ తిరగేశాను. స్వెట్టరు మొత్తాన్ని శాతాల మీద లెక్కకట్టే పద్ధతి ఈవిడ నేర్పినదే. ఛాతీ చుట్టూ 200 కుట్లుంటే మణికట్టు దగ్గర అందులో ఐదో వంతు, అంటే 40 చాలు. ఎవరి ఒంటికైనా ఆ లెక్క ఒకటే. ఒక్కరోజులో చదవవలసిన పుస్తకం, ముఖచిత్రం నచ్చి తెచ్చుకున్న పుస్తకం వంటి గళ్ల గురించి చెప్పుకోవడానికి ఏమీ లేదు. నిజం చెప్పాలంటే ఆ ఒక్కరోజు గడి దగ్గర నేను సన్నటి పుస్తకం కోసం లైబ్రరీ అరలన్నీ వీపుల మందం చూసుకుంటూ తిరిగాను; అలా వెతికి తెచ్చుకున్న పుస్తకం మీద గౌరవం నిలుస్తుందా?

ఇప్పుడు నీ మేజోళ్ల సంగతికి వస్తాను. అక్టోబరులో కేదార్‌నాథ్ వెళుతున్నానని నువ్వు రాసిన రోజే వంద గ్రాముల బూడిదరంగు ఊలు కొని, చుట్టుకు 64 కుట్లతో మొదలుపెట్టాను. ఒకటి చక్కగానే పూర్తయింది. రెండోది నడుస్తుండగా ‘ఎప్పుడో మొదలుపెట్టి వదిలేసిన పుస్తకం’ గడికి వర్జీనియా వూల్ఫ్ 1927లో ప్రచురించిన టు ది లైట్‌హౌస్ చేతికి తీసుకున్నాను. కాలేజీ రోజుల్లో నలభై పేజీల దగ్గర వదిలేశాను, నీకు గుర్తుండే ఉంటుంది. అప్పుడు ఊలు పట్టుకోవడం తెలియదు, అందుకే ఆ పుస్తకం తలకెక్కలేదని ఇప్పుడు అనుకుంటున్నాను. అందులో మిసెస్ రామ్సే లైట్‌హౌస్ కాపలాదారు కొడుకు కోసం గోధుమరంగు మేజోడు అల్లుతూ, కొలత చూడడానికి తన చిన్నకొడుకును నిలబెట్టి వాడి కాలికి ఆనించి పట్టుకుంటుంది. వాడు కుదురుగా నిలబడడు. మేజోడేమో పొట్టిగా ఉంటుంది. అల్లేవాళ్లకు మాత్రమే తెలిసే విసుగు అది: కొలత తీసుకునేటప్పుడు కదిలేవాడి మీద కోపం, తక్కువైందని తెలిసీ ఇంకొక్కసారి చూద్దామనే ఆశ. ఆ సాయంత్రం చివర ఆవిడ ఆ మేజోడు పూర్తి చెయ్యలేనని ఒప్పుకుంటుంది. తరువాతి భాగంలో ఆవిడ మరణం బ్రాకెట్లలో, ఒక్క వాక్యంలో వచ్చి వెళ్లిపోతుంది. నేను సూదులు ఒళ్లో వదిలేసి ఆ వాక్యాన్ని మళ్లీ చదివాను. ఆ మేజోడు ఏమైందో చెప్పకుండా ముందుకు సాగిపోయినందుకు రచయిత్రి మీద నాకు ఇంకా కోపం తీరలేదు.

ఆ మైకంలో నీ రెండో మేజోడుకు వేళ్ల దగ్గరి తగ్గింపు ముందుగానే మొదలుపెట్టేశాను. పాదం పొడవుకు ఐదు సెంటీమీటర్లు ఉందనగా కుట్లు తగ్గించుకుంటూ రావాలి. నేను ఏడు ఉండగానే మొదలుపెట్టానని, అంతా ముగించి మొదటిదాని పక్కన పెట్టినప్పుడు గాని తెలియలేదు. నీ ఎడమకాలికి సరిపోయేది కుడికాలికి రాదు. ఎవరూ చూడకుండా విప్పేసి ఉండ చుట్టేశాను.

ఇక నీకు తప్పక చెప్పవలసిన పుస్తకం ఒకటుంది. ‘పుట్టిన ఊరు’ గడికి ఏం దొరుకుతుందిలే అనుకుంటూ వెతికితే మరియా మీస్ 1982లో ప్రచురించిన ది లేస్ మేకర్స్ ఆఫ్ నరసాపూర్ దొరికింది. మన ఊరి పేరు అట్ట మీద చూసి కాసేపు నమ్మలేకపోయాను. చేతిపని, అతుకుపని అని మన అరుగుల మీద వినిపించే మాటలు అందులో ఇంగ్లీషు అక్షరాల్లో అచ్చయి ఉన్నాయి. మిషనరీలు గోదావరి ప్రాంతానికి తెచ్చిన ఆ లేసు పని విదేశాలకు ఎలా ఎగుమతవుతుందో, దారమూ సరుకూ డబ్బూ మగవాళ్ల చేతుల్లో ఎలా తిరుగుతాయో, గడప దాటని ఆడవాళ్లు అల్లినదంతా తీరిక వేళల్లో చేసుకునే పనిగా ఎలా జమ అయిందో ఆవిడ వివరంగా రాశారు. మా అమ్మమ్మ కూడా అదే మాట అనేది: ‘ఊరికే కూర్చోలేక అల్లుకుంటున్నానమ్మా.’ మధ్యాహ్నం గిన్నెలు కడిగిన చేతులు కొంగుకు తుడుచుకుని, దారానికి మరక అంటకుండా వేళ్లకు కాస్త పౌడరు రాసుకుని, చీకటి పడి కొక్కెం మొన కనిపించకుండా పోయేదాకా అల్లేది. వారానికోసారి ఒక మనిషి వచ్చి పువ్వులు లెక్కపెట్టి, మరక పడినవి పక్కకు నెట్టి, మిగతావి పట్టుకుపోయేవాడు. అది ఊరికే కూర్చోలేక చేసే పనయితే, డబ్బిచ్చి ఊలు కొనుక్కుని, తప్పుపోతే నవ్వుకుంటూ విప్పేసే నా పనిని ఏమనాలి? ఆ పుస్తకం చదువుతున్నంతసేపూ సూదులు ముట్టుకోలేదు. దానికి సరిపోయే అల్లిక నాకు తట్టలేదు.

ఇప్పటికి పంతొమ్మిది గళ్లు నిండాయి, రెండు బింగోలు పడ్డాయి. ఫుల్ హౌసు మీద ఆశ వదులుకున్నాను, కాని నిలువు వరుసలో ఒక్క గడి తక్కువై మూడో బింగో ఆగి ఉంది. దాని షరతు ‘స్నేహితురాలు చెప్పిన పుస్తకం’. మొహమాటానికి పోకుండా పేరు రాయి. లావుపాటిదైతే మాత్రం ముందే చెబుతున్నాను, చదవను.

దానితో పాటు ఇంకొక పని. ఒక తెల్లకాగితం నేల మీద పరిచి, దాని మీద కుడికాలు మోపి, మీ అత్తయ్యగారిని చుట్టూ పెన్సిలుతో గీయమని అడిగి, మడమ నుంచి పెద్ద వేలి చివరిదాకా సెంటీమీటర్లు వేసి ఫోటో పంపు. గీసేటప్పుడు దయచేసి కదలకు.

ఇట్లు,
నీ నేస్తం.