పిట్టల మీద రాస్తూ బతుకుతానన్న అమ్మాయి గురించి

తల్లిదండ్రులకు, ఇంట్లోని పెద్దలకు నమస్కారం.

గత పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల మాట అయిపోయాక ఒక తండ్రి ఆగి, కాస్త టెన్షన్‌గానే అడిగారు: "మేడమ్, మా అమ్మాయి పిట్టల గురించీ చెట్ల గురించీ రాస్తూ బతుకుతానంటోంది. అదీ ఒక ఉద్యోగమేనా?" పక్కనున్నవాళ్లు నవ్వారు. నాకు మాత్రం అది నవ్వాల్సిన ప్రశ్న అనిపించలేదు. అప్పుడు ఆయనకు రెండు ముక్కల్లో చెప్పి పంపాను. మిగతాది మీ అందరికీ పనికొస్తుందని ఈ ఉత్తరంలో రాస్తున్నాను.

ముందు డబ్బు సంగతి. కేవలం రాతతో ఇల్లు గడుపుకునేవాళ్లు మన దగ్గర తక్కువే. చాలామంది ఇంకో పని చేసుకుంటూ రాస్తారు. కొడవటిగంటి రోహిణీప్రసాద్ గారు ముంబైలోని భాభా అణు పరిశోధన కేంద్రంలో శాస్త్రవేత్తగా పనిచేశారు. ఆ ఉద్యోగంతో పాటే తెలుగులో బోలెడన్ని సైన్సు వ్యాసాలు రాశారు, సితార్ కూడా వాయించేవారు. మద్రాసులో ఉండిన ఎం. కృష్ణన్ గారి దారి వేరు. వృక్షశాస్త్రం చదివారు, లా చదివారు, బళ్లారి దగ్గర సండూరు సంస్థానంలో బడిపంతులు పని మొదలుకొని న్యాయాధికారి పని దాకా రకరకాల కొలువులు చేశారు. చివరికి 1950లో కలకత్తా స్టేట్స్‌మన్ పత్రికకు పక్షానికోసారి ప్రకృతి మీద రాయడం మొదలుపెట్టి, 1996లో చనిపోయేదాకా ఆపలేదు. 46 ఏళ్లు! అడవి ఏనుగుల మీద ఎంత శ్రద్ధ పెట్టారో, వీధిలో తిరిగే కాకులూ ఉడతల మీదా అంతే పెట్టారు. 1970లో పద్మశ్రీ వచ్చింది. మొదట్లో ఆయన ఇంట్లోవాళ్లు ఎంత కంగారుపడి ఉంటారో మనం ఊహించుకోవచ్చు.

ఈ పనిలో అసలు కష్టం ఎక్కడుందో మన జిల్లాల పిట్టతోనే చెబుతాను. కలివికోడి 1900 తర్వాత శాస్త్రవేత్తల కంటపడలేదు. ఇక లేదనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. పట్టి చూపించింది ఆ చుట్టుపక్కల పిట్టలు పట్టుకునే ఒకాయన!

ఇది ఆరేళ్ల పిల్లకు రాయాలంటే ఎలా? పగలు పొదల్లో దాక్కుని, రాత్రయితే బయటికొచ్చి చెదలూ చీమలూ ఏరుకు తినే పిట్ట అంటే చాలు, ఆ పిల్ల కళ్లు పెద్దవి చేసుకుని వింటుంది. ఎనిమిదో తరగతి పిల్లాడికి అది చాలదు. "రాత్రి తిరిగేదాన్ని ఎలా కనిపెట్టారు?" అంటాడు. నేల మీద మెత్తటి మట్టి పట్టీలుగా పరిచి, తెల్లారాక వాటి మీద పడిన అడుగుల గుర్తులు చూసేవారని వాడికి వివరించాలి. వాళ్ల తాతగారి ప్రశ్న ఇంకోటి: పిట్ట కోసం కాలువ ఆపుతారా? ఆయనకు ఆ పిట్ట తిరిగే నేల మీదుగా తవ్వబోయిన తెలుగుగంగ కాలువ మీద వచ్చిన వివాదం చెప్పాలి. ఈ పిట్టకు మరీ చిక్కటి అడవి పనికిరాదు, బోడి నేలా పనికిరాదు, పలచగా ముళ్లపొదలున్న నేలే కావాలని చెప్పాలి. రైతుకు నీళ్లు కావాలన్న మాట కూడా దాచకూడదు. ముగ్గురికీ చెప్పేది నిజమే అయ్యుండాలి. చిన్నపిల్లలకు రాసేటప్పుడు అబద్ధమాడితే సులువుగా ఉంటుంది, చాలా పుస్తకాలు ఆ పనే చేస్తున్నాయని నా ఫిర్యాదు.

ఇంటర్‌లో ఏ గ్రూపు అని అడుగుతారు కదా. బైపీసీ అయినా ఎంపీసీ అయినా ఇబ్బంది లేదు. సైన్సు గట్టిగా రావాలి, తెలుగు ఇంకా గట్టిగా రావాలి. తర్వాత మామూలు డిగ్రీ చేయొచ్చు, కేంద్ర ప్రభుత్వ సైన్సు విద్యాసంస్థ అయిన తిరుపతి ఐసర్ లాంటి చోట సీటు తెచ్చుకోవచ్చు. పత్రికల్లో, పిల్లల పుస్తకాల ప్రచురణ సంస్థల్లో, పాఠ్యపుస్తకాల తయారీలో, మ్యూజియంలలో, పరిశోధన సంస్థల్లో ఇలాంటివాళ్లకు పని ఉంటుంది. జీతాలు సాఫ్ట్‌వేర్ జీతాల్లా ఉండవు. ఆ మాట పిల్లలకు ఇప్పుడే చెప్పండి, కానీ బెదిరించడానికి వాడకండి.

ఈ నెల నుంచి ఆరు నుంచి తొమ్మిదో తరగతి దాకా పిల్లలందరికీ ఒక ప్రకృతి నోట్‌బుక్ పెడుతున్నాం. గీతల్లేని వంద పేజీలది చాలు, అట్టలు వేయనక్కర్లేదు. వారానికి ఒక పేజీ: ఏం చూశారు, ఎక్కడ, ఎన్ని గంటలకు. గూగుల్ చూసి ఎక్కించిన పేజీకి మార్కులుండవు. అమ్మమ్మనో, పొలం పనికొచ్చేవాళ్లనో అడిగి ఊళ్లో వాడే పేరు రాస్తే మా సైన్స్ మాస్టారు చాలా సంతోషిస్తారు. బొమ్మ బాగా రాలేదని మీరు వేసి పెట్టకండి, దయచేసి.

ఫిబ్రవరి 28న సైన్స్ డే నాడు కొన్ని పేజీలు పిల్లలే చదివి వినిపిస్తారు. ముందు వరసలో ఒకటో తరగతి వాళ్లు కూర్చుంటారు. వాళ్లకు అర్థం కాని పేజీని మళ్లీ రాయాల్సిందే. ఆ రోజు వచ్చేవారు, తమ ఊరి చెట్టూ పిట్టల గురించి పిల్లలతో పది నిమిషాలు మాట్లాడగలిగినవారు డైరీలో ఒక ముక్క రాసి క్లాస్ టీచర్‌కు పంపండి. తాతయ్యలకూ నానమ్మలకూ కుర్చీలు వేయిస్తాం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు